ఎవరి మోకాలు?

సరూర్‌నగర్ చెరువు దిగువన మా గల్లీలో ఒక పెద్దమ్మ ఉండేది. పొట్టి మనిషి. వాననీళ్లు ఎంత వచ్చాయని అడిగితే తన ఒంటి మీదే చేయి పెట్టి చూపించేది. "గీడిదాంక ఒచ్చినయ్ బిడ్డా."

ప్రభుత్వం నెట్‌లో అందరికీ పెట్టే వాన లెక్కలతో, ఏ గల్లీ మునుగుతుందో ముందే చెప్పే మ్యాపు ఒకటి మేం కొందరం తయారుచేస్తున్న రోజులవి. అడుగుల్లో చెప్పమంటే ఆమె నవ్వేది. "నీళ్లల్ల టేపు వట్టుకొని నిలవడ్తరా?" చివరికి మ్యాపులో ఆమె బొమ్మే గీశాం: చీలమండ, మోకాలు, నడుము.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. ఆ బొమ్మ చూసే ఇప్పటికీ బండ్లు మెరకకు తోలుకుంటాం. మొన్నటి వానకు, కొత్తగా కిరాయికొచ్చిన పొడుగాటాయన నీళ్లలో నిలబడి ఫోన్ చూపించాడు.

"మోకాలిదాంక అని చూపిస్తుంది. నాకు పిక్కలదాంకనే ఉన్నయ్. గీ మోకాలు ఎవలది?"

గల్లీలో ఉన్నవాళ్లమంతా ఒక్కసారే అన్నాం: "పెద్దమ్మది."