టేపు పిన్ని ఇచ్చిన నాలుగు సెంటీమీటర్లు

ఆ స్కూల్లో ఆవిడ జీతం తీసుకునేది సైన్సు ల్యాబులో గాజుసామాను కడిగినందుకు. పేరు తెచ్చుకున్నది మాత్రం మైదానం చివర ఉన్న ఇసుక గుంటలో. ఇరవై రెండేళ్లుగా అక్కడ లాంగ్‌జంప్ దూరాలు కొలిచేది ఆవిడే. అందుకే పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ, చివరికి హెడ్మాస్టరు కూడా ఆవిడని టేపు పిన్ని అనే అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. దాని జోలికి ఎవరూ పోరు.

కొలత దగ్గర ఆవిడ ఎవరినీ నమ్మదు. ఇసుకలో పడిన గుర్తు దగ్గర టేపు కొసనున్న రింగును ఇనప చీలతో గుచ్చి, తానే దూకేముందు కాలు మోపే చెక్క దాకా నడిచి, తానే వంగి, తానే చదువుతుంది. పడిన గుర్తుల్లో చెక్కకి దగ్గరగా ఉన్నదే లెక్క, అది మడమదైనా మోచేతిదైనా సరే. ఒకసారి ఒక పిల్ల జడ వెనక్కి వాలి ఇసుకలో సన్నటి గీత గీసింది. పిన్ని ఆ గీత నుంచే కొలిచింది. పిల్ల తల్లి మైదానంలోకి దూసుకొచ్చింది.

"జడ కూడా దూకిందా పిన్నిగారూ?"

"దూకకేం చేస్తుందమ్మా, తలతోపాటే వచ్చిందిగా. రేపట్నుంచి ముడేసి పంపించు."

మర్నాడు ఆ స్కూల్లో దూకే ఆడపిల్లలందరూ ముడులతోనే దిగారు.

కాలేజీ జట్టులో ఆడాలని ఆశపడే పిల్లలు చివరి గంట కొట్టగానే ల్యాబు గుమ్మం దగ్గర మూగుతారు. ఎలా దూకాలో నేర్పడానికి డ్రిల్లు మాస్టారున్నాడు. పిన్ని దగ్గర దొరికేది వేరే సరుకు. ఎవరు కాలేజీకి వెళ్లి నిలదొక్కుకున్నారో, ఎవరు మూడు నెలల్లో పెట్టె సర్దుకుని వచ్చేశారో, ఎందుకొచ్చేశారో అన్నీ ఆవిడకి తెలుసు. పరీక్షనాళికల్లో బ్రష్షు తిప్పుతూనే చెబుతుంది.

"కోచ్‌కి ఉత్తరం నువ్వే రాయరా. మీ నాన్న రాస్తే ఆయన రెండో లైన్లోనే పట్టేస్తాడు. పదిహేడేళ్ల వెధవెవడూ 'తమరి అమూల్యమైన దృష్టికి' అని రాయడు."

"లెక్కల్లో ఫెయిలైన కాళ్లని ఎవరూ తీసుకోరు. ముందు మార్కులు చూస్తారు, ఆ తర్వాతే కాళ్లు."

"కోచ్ చూడ్డానికొచ్చిన రోజు మీ అమ్మని నీళ్ల సీసాతో నీ వెనకాల పరిగెత్తొద్దని చెప్పు. ఆయన నిన్ను తీసుకోడానికొస్తాడు, ఇంటిల్లిపాదినీ కాదు."

"ఆ జట్టులో నీకంటే బాగా దూకేవాళ్లు ఎంతమందున్నారో అడుగు. సిగ్గుపడకు. ముగ్గురున్నారనుకో, మూడేళ్లూ వాళ్ల బూట్లకి కాపలా నువ్వే."

"కాలు పనికిరాకుండా పోయినా అక్కడే చదువుకోవాలనిపించే కాలేజీ చూసుకో." ఈ ఒక్క మాట దగ్గర మాత్రం బ్రష్షు ఆగుతుంది. ఆవిడా ఒకప్పుడు దూకి కాలేజీలో అడుగుపెట్టిన మనిషే. రెండో ఏడు మోకాలు మెలితిరిగింది. దూకడం పోయాక మిగిలిన చదువు బొత్తిగా రుచించలేదు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఎడమకాలు ఒక మెట్టు ఆలస్యంగా వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పే సలహా ఇంకొకటుంది. "దూరం పెంచి రాయకండర్రా. కాలేజీలో కూడా ఇసుకే ఉంటుంది, అక్కడా టేపుంటుంది."

ఆ ఏడాది ల్యాబు గుమ్మానికి అందరికంటే ముందొచ్చిన పిల్ల దర్జీ కూతురు. సన్నగా, పొడుగ్గా, కూర్చున్నా లేవబోతున్నట్టే ఉండే ఆ పిల్లని స్కూలంతా మిడత అంటుంది. మిడతకి ఒకే కాలేజీ కావాలి. అక్కడ ఫిజియోథెరపీ చదువు ఉంది. పిల్ల మార్కులకి ఆ సీటు మామూలు దారిలో రాదు, ఆటల కోటాలోనే రావాలి. దానికి అర్హత అయిదు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. ప్రాక్టీసులో మిడత ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది. ఒకరోజు పైన, ఒకరోజు కింద. తండ్రికి తిండి సయించడం లేదు.

ఎంపిక పోటీకి రెండు రోజుల ముందు ఆ దర్జీయే ల్యాబు కిటికీలకి పరదాలు కుట్టడానికి కొలతలు తీసుకోవడానికొచ్చాడు. మెడలో టేపు తీసి కిటికీకి అడ్డంగా పట్టాడు.

"నూట యాభై, అక్కయ్యా."

పిన్నికి ఇంకొకరి కొలత మింగుడుపడదు. బీరువాలోంచి తన టేపు తీసింది. "నూట యాభై నాలుగు. నీ టేపు సాగింది తమ్ముడూ."

"నా టేపా! సాగితే ఈపాటికి ఊరంతా ప్యాంట్లు చేత్తో పట్టుకుని నా కొట్టు ముందు నిలబడేది."

"నిలబడదు. అదే టేపుతో కొలుస్తావు, అదే టేపుతో గుడ్డ కోస్తావు. ఎంత సాగినా తెలీదు."

దర్జీ టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు. "నీదీ అంతేగా అక్కయ్యా? నీ టేపుని ఇంకే టేపు పక్కనైనా ఎప్పుడైనా పెట్టావా?"

పిన్నికి ఒళ్లు మండింది. బీరువా పైనుంచి మీటరు బద్ద దించింది. అది ప్రయోగాలకి వాడే బద్ద, రెండు కొసలకీ ఇత్తడి తొడుగు. కిటికీ మీద పెట్టింది. ఒక మీటరు, ఇంకో అరమీటరు. నూట యాభై. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి కొలిచింది. కిటికీ మాట మార్చలేదు.

దర్జీ తన చీటీ మీద నూట యాభై అని రాసుకున్నాడు. అది చూసి పిన్నికి ఇంకా మండింది. టేపు మొదట్లో రింగు దగ్గర ఒక తోలు పట్టీ ఉంది. బ్లేడుతో దాని కుట్లు విప్పింది. లోపల రింగును ఆనుకుని మొదటి అంకె అయిదు. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ ఎక్కడా లేవు.

తొమ్మిదేళ్ల కిందట టేపు కొస మీద ఇనప గుండు పడి నలిగిపోతే చెప్పులు కుట్టే ఆయనకిచ్చి బాగుచేయించింది. ఆయన పనిమంతుడు. నలిగిన ముక్కని శుభ్రంగా కోసేసి, రింగు మళ్లీ బిగించి, పైన అందమైన పట్టీ వేసిచ్చాడు. ఆ కుట్టుపని చూసి పిన్ని మురిసిపోయింది కూడా. అప్పట్నుంచీ ఆ గుంటలో దూకిన ప్రతి ఒక్కరికీ నాలుగు సెంటీమీటర్లు ఉచితం. ఏటా కొత్త పిల్లలకి వెర్నియర్ కాలిపర్స్ ఇచ్చేటప్పుడు 'ముందు సున్నా సున్నా మీద ఉందో లేదో చూసుకోండి' అని కసిరేది ఆవిడే. పిన్ని టేపు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది.

"నాలుగేగా అక్కయ్యా," అన్నాడు దర్జీ జాలిగా. "మా పన్లో అయితే కుట్టులో పోతుంది."

"ఎవరికీ చెప్పకు."

"నా నోరు కుట్టేసుకున్నాననుకో."

పోటీ ఎల్లుండి. ఇప్పుడు బయటపెడితే తొమ్మిదేళ్ల అంకెలన్నీ తిరగబడతాయి, తన పేరు ఇసుకలో కలుస్తుంది. పిన్నికి తేలికైన ఉపాయం తట్టింది. టేపు చదివి, మనసులోనే నాలుగు తీసేసి, మిగిలింది చెప్పడం. న్యాయానికి న్యాయం, గుట్టుకి గుట్టు. పట్టీని మళ్లీ కుట్టేసింది.

పోటీ రోజు మిడత చివరి దూకు దూకింది. టేపు మీద అయిదు మీటర్ల ఇరవై నాలుగు. పిన్ని వంగినచోటే ఒక్క క్షణం ఆగి, "అయిదూ ఇరవై!" అని అరిచింది. సరిగ్గా అర్హతే. డ్రిల్లు మాస్టారు చప్పట్లు కొట్టాడు. సంగతి తెలిసిన దర్జీ గోడ పక్కన వేళ్ల మీద కూడికలు చేసుకుని ఊపిరి వదిలాడు. జాబితా కాలేజీకి వెళ్లింది.

పది రోజులకి కాలేజీ నుంచి ఎంపికైనవాళ్ల పేర్లు వచ్చాయి. మిడత పేరు లేదు. ఆటల కోటా తలుపు ఇంకో వారంలో మూసేస్తారు. మిడత ఏడవలేదు గానీ, మధ్యాహ్నమంతా ఇసుక గుంట గట్టు మీద వీపు తిప్పుకుని కూర్చుంది. దర్జీ ల్యాబుకొచ్చాడు.

"అక్కయ్యా, ఒక మాటడుగుతా, కోప్పడకు. నువ్వు ఆ నాలుగూ తీసెయ్యకపోతే మా పిల్ల పేరు ఉండేదా?"

పిన్నికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని, దర్జీ, మిడత కాలేజీకి బస్సెక్కారు. పిన్ని ఒళ్లో న్యూస్‌పేపరులో చుట్టిన మీటరు బద్ద.

కాలేజీ కోచ్ గది సగం గది, సగం సామాన్ల కొట్టు. హర్డిల్స్ మధ్యలోంచి ఒంగి వెళ్తే ఆయన బల్ల. ఆయనా ఒకప్పుడు పిన్ని వాళ్ల స్కూల్లో చదివినవాడే. పిన్నిని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నా జాబితాలో అయిదూ ఇరవై ఉంది," అంది పిన్ని. "నీ అర్హతా అయిదూ ఇరవై. మరి పిల్ల ఏమైంది?"

కోచ్ గోడకేసి చూశాడు, బంతుల సంచీకేసి చూశాడు. "అంటే పిన్నిగారూ... మీ స్కూలు నుంచి వచ్చిన దూరాల్లో నేను నాలుగు తీసేస్తాను."

"ఎందుకట?"

"వచ్చిన ప్రతివాడూ ఇక్కడ నాలుగు తక్కువే దూకుతున్నాడు. మొదట్లో బెదురనుకున్నా. తర్వాత హాస్టల్ తిండి అనుకున్నా. అయిదో ఏడుకి టేపనుకున్నా."

"అనుకున్నవాడివి నాకు చెప్పొద్దూ?"

"మీకా!" కోచ్ గొంతు పదో తరగతి పిల్లాడిదైపోయింది. "అప్పట్లో నేను వెనక చెయ్యి ఆనించానని ముప్ఫై సెంటీమీటర్లు కోసేశారు. ఆన్లేదన్నందుకు ఇసుకలో నా వేళ్ల గుర్తులు నాచేతే లెక్కపెట్టించారు. మీ టేపు తప్పని మీతో అనమంటారా నన్ను?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. "టేపు తప్పే," అంది పిన్ని. "నాకూ ఈమధ్యే తెలిసింది. అందుకే ఈసారి నేనే నాలుగు తీసేసి చెప్పాను. నువ్వు మళ్లీ తీశావు."

కోచ్ తలగోక్కున్నాడు. "ఏమీ అనుకోకండి. మీరు తీసింది పిల్ల దూకినప్పుడా, నా జాబితా వచ్చాకా?"

ఇరవై రెండేళ్లలో ఆవిడని ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. అడగాల్సిన ప్రశ్నేనని కూడా ఆవిడకి తెలుసు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నేను సాక్షినండీ!" అని దర్జీ ముందుకొచ్చాడు.

"తమరు?"

"పిల్ల తండ్రిని."

కోచ్ నవ్వాపుకోలేక దగ్గాడు. పిన్ని న్యూస్‌పేపరు విప్పింది. "మాటలొద్దు. గుంట ఉంది, పిల్ల ఉంది, నువ్వే కొలువు. కానీ ముందు నీ టేపుని నేను కొలుస్తా."

గుంట పక్కన ఆయన టేపు పరిచి, మీటరు బద్దని అయిదుసార్లు పెట్టి చూసింది. ఒక్క గీత కూడా తేడా లేదు. ఆవిడ ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది.

మూడు దూకులన్నాడు కోచ్. మొదటిసారి మిడత కాలు చెక్క దాటింది, లెక్కలోకి రాలేదు. రెండోది అయిదూ పన్నెండు. దర్జీ మెడలో టేపుని రెండు చేతులతో మెలిపెడుతున్నాడు. మూడోసారి మిడత పరుగు వేరేగా ఉంది. గాల్లో కాళ్లు ముందుకి విసిరి ఇసుకలో పడి లేచింది. కోచ్ మడమ గుర్తు దగ్గర రింగు పెట్టి చదివాడు.

"అయిదూ ఇరవై అయిదు."

దర్జీ చేతులెత్తి గెంతబోయాడు.

"ఆగండి." పిన్ని మోకాళ్ల మీద వంగి ఉంది. మడమకి వెనకగా, చెక్క వైపు, చిటికెన వేలంత గుంట. "వేలానింది."

కోచ్ కళ్లు చిట్లించాడు. నిజంగా ఆయన చూడలేదు. మిడత తన కుడిచేతి ఇసుక దులుపుకుని, "ఆనింది సార్," అంది, చెప్పక తప్పనట్టు.

రింగు వెనక్కి జరిగింది. కోచ్ చెక్క దగ్గర వంగి చాలాసేపు చూశాడు.

"అయిదూ ఇరవై ఒకటి."

"ఆ నాలుగు మీద నీకేం పగ అక్కయ్యా!" అంటూ దర్జీ గట్టు మీద కూర్చుండిపోయాడు. కోచ్ పుస్తకం తెరిచి మిడత పేరు రాశాడు. ఆ పైన స్కూలు పేరు పక్కన ఏళ్లుగా ఉన్న 'నాలుగు తీసివేత' అన్న మాటని కొట్టేశాడు.

బయటపడ్డ గుట్టుని సగంలో ఆపడం పిన్నికి చేతకాదు. కొత్త టేపు తెప్పించి, తొమ్మిదేళ్లలో ఆ గుంటలో దూకి కాలేజీకి వెళ్లిన ముప్ఫై ఒక్కమందికీ ఉత్తరాలు రాసింది. 'నీ దూరంలో నాలుగు తగ్గించుకో. తప్పు నా టేపుది.' చాలామంది నవ్వుకుని ఊరుకున్నారు. ఊరుకోనివాడు ఒక్కడే. ఆరు మీటర్ల రెండు సెంటీమీటర్లు దూకినవాడు. ఇప్పుడు జిమ్ము నడుపుతున్నాడు, జిమ్ము పేరే 'ఆరు మీటర్లు'. నాలుగు తీస్తే ఆరుకి రెండు తక్కువ. పెళ్లయ్యాక పెరిగిన బొజ్జతో ఆదివారం పొద్దున్నే మైదానంలో దిగాడు.

"పిన్నీ, మళ్లీ దూకుతా. కొలువు."

"ఎందుకురా, నడుం పట్టేస్తుంది."

"పట్టనీ. బోర్డు మార్చాలంటే మా ఆవిడ ఊరుకోదు."

పరిగెత్తాడు, దూకాడు, ఇసుక చాలా దూరం చిమ్మింది. పిన్ని చీల గుచ్చి, ఎడమకాలు ఈడుస్తూ చెక్క దాకా నడిచి, వంగి చదివింది.

"ఎంత పిన్నీ?"

"నాలుగూ పదకొండు."

వాడు ఇసుకలోంచి లేవకుండానే బొజ్జ మీది ఇసుక దులుపుకున్నాడు. "బోర్డు మీద అదే వేయించనా?"

"నిక్షేపంలా వేయించు. ఈసారి టేపు సరైనదే."