కనకాంబరం రంగు వేసిన సముద్రపు పువ్వు

విజయనగరం కంటోన్మెంటులో వట్టి స్టాన్లీ అని అడిగితే, ఏ స్టాన్లీ అని ఎదురు ప్రశ్న వేస్తారు. పురుగుల స్టాన్లీ అంటే చాలు, చర్చి వెనక సందులో నీలం తలుపుల ఇల్లు చూపిస్తారు. మనిషి బోర్డులు రాసే పెయింటరు. కిళ్లీకొట్ల దగ్గర్నుంచి రైసుమిల్లుల దాకా ఊళ్లో అతని కుంచె తగలని గోడ తక్కువ. కానీ పేరు తెచ్చినవి ఆ గోడలు కావు. కాలేజీల్లో జువాలజీ ల్యాబు గోడలకి వేలాడే గుడ్డ చార్టులు. వాటి నిండా జలగలు, జెర్రులు, నత్తలు, బద్దెపురుగులు, సముద్రం అడుగున ఒంటినిండా ముళ్లతో ఉండే ఉండలు.

ఆ పని దొరికేటప్పటికి అతనికి కొత్తగా పెళ్లయింది. శృంగవరపుకోట కాలేజీలో అప్పుడే చేరిన పద్మకుమారి అనే లెక్చరర్ ఒక లావుపాటి పుస్తకం చేతికిచ్చి, ఇందులో బొమ్మలు పెద్దవిగా గీసి రంగులేసి ఇమ్మంది. స్టాన్లీ సరేనన్నాడు గానీ, ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే తల తిరిగింది. ఏది తలో ఏది తోకో తెలియని బొమ్మలు. మొదటి బొమ్మకి గచ్చు మీద గుడ్డ పరిచి గీతలు గీస్తుంటే భార్య జ్ఞానసుందరి వచ్చి వెనక నిలబడింది.

"ఏటండీ ఇది, కూజాయా?"

"స్పంజిక అంట. ఇందులో అలాగే ఉన్నాది."

"కూజాకి ఒంటినిండా చిల్లులుంటాయా? ఇది చిల్లుల జంతువు. ఆ చిల్లుల్లోంచే నీళ్లు తాగుతాది, ఆ నీళ్లలోంచే కూడు తింటాది. చిల్లులు మానేసి మూతి ఒక్కటీ అందంగా గీస్తే ఏటి లాభం?"

ఆమె మిషన్ హాస్టల్లో ఉండి ఇంటర్లో బైపీసీ చదివిన మనిషి. తండ్రి పోవడంతో చదువు అక్కడితో ఆగింది. జువాలజీ అంటే ప్రాణం. మిగిలిన పుస్తకాలన్నీ ఎవరెవరికో ఇచ్చేసినా ఆ ఒక్క పుస్తకం మాత్రం పెట్టె అడుగున దుప్పటిలో చుట్టి తెచ్చుకుంది. ఆ సాయంత్రం అది బయటికి తీసి మొగుడి పక్కన చతికిలబడింది. అప్పట్నుంచి బొమ్మ అతనిది, అక్షరం ఆమెది. సన్న కుంచె నల్లరంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, బొమ్మలోంచి వచ్చిన గీత చివర పేరు రాసేది. అచ్చులో పోసినట్టుండేది ఆ రాత.

జంతువుల వర్గాలు అతనికి ఎంత చెప్పినా ఎక్కేవి కావు. ఆమె తనకు తోచిన దారిలో చెప్పేది. "మనుషులకి ఇంటిపేర్లు లేవా? అలాగే అనుకోండి. వానపాము, జలగ, రెండూ ఒకే ఇంటోళ్లు. ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టుంటాది సూడండి, అదే ఆళ్ల గుర్తు. బొద్దింక, పీత, తేలు, రోకలిబండ పురుగు, ఈళ్లది ఇంకో ఇల్లు. కాళ్లకి కీళ్లుంటాయి. అన్నింట్లోకీ పెద్ద సంసారం ఆళ్లదే. నత్తది మెత్తటి ఒళ్లు. సముద్రంలో ఎనిమిది చేతుల ఆక్టోపస్ ఉంటాది గదా, దానికి గుల్ల లేకపోయినా నత్తకి చుట్టమే."

"దీనికీ దానికీ చుట్టరికం ఎవరు కలిపారే?"

"రూపం సూసి కాదు, ఒళ్లు కట్టిన తీరు సూసి కలిపారు. వెన్నెముక ఉన్నోళ్లం మనమే గొప్పనుకుంటాం. లోకంలో వెన్నెముక లేనియ్యే ఎక్కువ. మనం వందలో నాలుగో అయిదో." నవ్వింది. "బైబిల్లో ఆదాము జంతువులన్నిటికీ పేర్లు పెట్టాడంటారు గదా. ఈటి దాకా వచ్చేసరికి అలిసిపోయుంటాడు పాపం."

పేర్ల సంగతి అలా కుదిరింది. రంగుల దగ్గరే చిక్కొచ్చింది. పుస్తకాల్లో ఉన్నవి నల్ల గీతలే. సముద్రపు పువ్వని ఒక జంతువుంది, రాయికి అంటుకుని, నోటి చుట్టూ రేకుల్లాంటి చేతులు విప్పుకుని కూర్చుంటుంది. దాని రంగేమిటో ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. స్టాన్లీ ఎర్రరంగు కలిపాడు. ఆమె ఒప్పుకోలేదు. జడలోంచి ఒక కనకాంబరం తీసి గచ్చు మీద పెట్టింది. "ఇది వెయ్యండి." సముద్ర దోసకాయ అనే ఇంకో జంతువుకి పెరట్లో వంకాయ రంగు, ముట్టుకుంటే చేతులు పెళుసుగా విరిగే సముద్రపు నక్షత్రానికి పాత చింతపండు రంగు. ఒక్కో రంగు దగ్గర ఇద్దరికీ ఒక్కో తగువు. అతను పచ్చ అంటే ఆమె ఆకుపచ్చా చిలకపచ్చా అని అడిగేది. చివరికి ఆమె మాటే నెగ్గేది. నెగ్గాక ఆమె ప్రతిసారీ అనే మాట ఒకటుంది.

"ఏనాడైనా రాళ్లున్న సముద్రం కాడికెళ్లి సూసుకోవాలండి, మనం ఏసినయ్యి నిజమో కాదో."

సముద్రం ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే ఎండ ముదిరేలోగా చేరిపోవచ్చు. చర్చివాళ్లు భీమిలి తీసుకెళ్లారొకసారి. అక్కడ ఆమె పిల్లల కంటే ముందు పరిగెత్తింది గానీ, ఇసకలో దొరికినవన్నీ ఖాళీ గుల్లలే. ఇది కాదు, రాళ్ల సందుల్లో నీరు నిలిచే చోటు కావాలి అంది. తరవాత ఎన్నికలొచ్చాయి, గోడరాతలొచ్చాయి, కూతురు షీబా పుట్టింది, మిల్లుల పని వచ్చింది. వచ్చే వేసవికి అనుకున్నారు. ఆ వచ్చే వేసవి వస్తూనే ఉంది. చివరికి ఆమె మంచం పట్టింది. రెండువేల పదిలో, క్రిస్మస్‌కి ముందే, పోయింది.

స్టాన్లీ మళ్లీ చార్టు గుడ్డ పరవలేదు. అడిగేవాళ్లూ తగ్గారు. ఫ్లెక్సులు వచ్చేశాయి, ఫోటోకి ఫోటో దిగిపోతోంది. షీబా నర్సు ఉద్యోగంలో చేరి ఇల్లు నడుపుతోంది. ఒకసారి ఆ అమ్మాయి తన ఫోన్లో సముద్రపు పువ్వుల ఫోటోలు తీసి చూపించింది. నీలివి, గులాబీవి, తెల్లవి. అతను కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"ఇయ్యి ఎక్కడివమ్మా?"

"ఎక్కడివో నానా. ఆస్ట్రేలియా అయ్యుంటాది."

"మన కాడివి కావాలి" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

హుద్‌హుద్ తుఫాను వెళ్లిన కొన్నాళ్లకి పద్మకుమారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆమె రిటైర్మెంటుకి దగ్గర పడింది. ల్యాబు కిటికీలు ఊడిపోయి వాన లోపలికి కొట్టిందని, చార్టులు నానిపోయాయని, కాలేజీ వాళ్లు వాటి బదులు ఫ్లెక్సులు పెట్టిస్తున్నారని చెప్పింది. "పారేస్తామన్నారు. మీకు చెప్పకుండా పారేయనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది, స్టాన్లీ గారూ."

మర్నాడే శృంగవరపుకోట బస్సెక్కాడు. ల్యాబులో చార్టులు బల్లల మీద ఆరబెట్టి ఉన్నాయి. బూజు మచ్చలు పట్టాయి. ఒక్కోటీ విప్పుతుంటే బొమ్మలు అతని కంటికి ఆనలేదు. గీతల చివర పేర్లే కనపడ్డాయి. ముళ్ల చర్మం జంతువుల వర్గం పేరు, ఇకైనోడెర్మేటా అని రాసేటప్పుడు పొడుగు పేరు పట్టక చివరి అక్షరం కాస్త ఇరుగ్గా కుదించింది ఆమె. ఆ చోట వేలు పెట్టి నిలబడిపోయాడు.

పద్మకుమారి టీ తెప్పించింది. తాగుతూ అతను చాలా ఏళ్లుగా మనసులో ఉన్నది అడిగాడు. "మేడమ్, ఈ రంగులు నిజమేనా? మీరెప్పుడూ తప్పని అనలేదు."

ఆమె లేచి బీరువా తెరిచింది. లోపల సీసాలు, సీసాల్లో నక్షత్రాలు, ఉండలు, పువ్వులు. అన్నీ ఉడకబెట్టిన చామదుంప రంగులో ఉన్నాయి. "ఫార్మలిన్‌లో పడితే అన్నీ ఇంతే. నేను చూసినవీ ఇవేనండి. ఎమ్మెస్సీలో సముద్రం టూరు పెట్టారు. మా ఇంట్లో పంపలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకి మీ కనకాంబరం రంగే చూపించి పాఠం చెప్పాను. నాకూ తెలీదు."

బీరువా మూసి వచ్చి కూర్చుంది. తరవాత ఆమే అంది, సముద్రం ఒడ్డున చింతపల్లి అనే పల్లెలో తన దగ్గర చదివిన అమ్మాయి ఒకతి ఉందని, ఆ అమ్మాయి తండ్రి సోములు చేపల వేటకెళ్లే మనిషని, అడిగి చూస్తానని.

మాఘ పౌర్ణమి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దరూ చింతపల్లి దగ్గర ఆటో దిగారు. సోములు లుంగీ ఎగ్గట్టుకుని ఎదురొచ్చాడు. "పున్నమికి నీరు బాగా వెనక్కి తీసింది బాబూ. సాయంత్రం దాకా రాళ్లు తేలుంటాయి. సెప్పులిడవకండి, కాళ్లు కోసేస్తాయి" అని ముందు నడిచాడు.

నల్లటి రాళ్లు, వాటి మధ్య గుంటల్లో నిలిచిన నీరు. మొదట స్టాన్లీకి ఏమీ కనపడలేదు. నాచూ ఇసకా తప్ప. వంగి చూస్తూ ఉండగా గుంట మెల్లగా కదలడం మొదలెట్టింది. గుల్ల అనుకున్నది నడిచింది, లోపల చిన్న పీత కాపురముంది. రాయి మీద గరుగ్గా అంటుకున్న తెల్లటి ముక్కలు చూపించి పద్మకుమారి చెప్పింది, ఇవి గుల్లల్లా ఉన్నా నత్త జాతి కావు, పీత జాతి అని. చీర అంచు తడుస్తున్నా చూసుకోవడం లేదు. సోములు ఒక రాయి తిరగేస్తే, నలుపూ తెలుపూ పట్టెల చేతులతో ఒక నక్షత్రం పాములా మెలికలు తిరుగుతూ సందులోకి దూరిపోయింది. చింతపండు రంగు కాదు. సముద్ర దోసకాయ నల్లగా, తారులో ముంచినట్టుంది. వంకాయ రంగు దోసకాయది కాదు, ముళ్ల ఉండది.

సముద్రపు పువ్వు కోసం చాలాసేపు వెతికాడు. దొరికింది. నీటి అడుగున రాయికి అంటుకుని, చేతులు విప్పుకుని ఉంది. మట్టి రంగు, అంచుల్లో కొంచెం పచ్చ. అతను చూపుడువేలు పెట్టాడు. ఆ చేతులు వేలిని పట్టుకున్నాయి. జిగురుగా, చాలా మెల్లగా, పసిపిల్ల నోరు పట్టినట్టు. తీయబుద్ధి కాక అలాగే ఉంచాడు.

"బూడిద కలిసిన పచ్చ" అన్నాడు పైకి.

"అవునండి, బూడిద పచ్చే" అంది పద్మకుమారి.

అతను ఇంకా ఆగాడు. బూడిదేటండీ, నానిన పెసరపప్పు రంగు అది, కళ్లు పోయాయా మీకు అని ఒక గొంతు అనాలి. రాళ్ల అవతల కెరటం విరిగింది. అతని మాట ఎవరూ కాదనలేదు. వేలు వెనక్కి తీసుకున్నాడు. పువ్వు ముడుచుకుపోయి చిన్న మాంసపు ముద్ద అయింది.

తరవాత కూడా ప్రతి గుంటా చూశాడు, కనకాంబరం రంగున్నది ఒక్కటైనా ఉంటుందేమోనని. సోములు జాలిపడి ఇంకో పెద్ద రాయి ఎత్తిపట్టాడు. దాని అడుగున ఒక పొరలా, అచ్చంగా ఆ రంగే పరుచుకుని ఉంది. స్టాన్లీ మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా వంగాడు.

"ఇది పువ్వు కాదండి" అంది పద్మకుమారి వంగి చూసి, ఆ మాట అనడం ఇష్టం లేనట్టు. "స్పంజిక. చిన్న చిన్న చిల్లులు చూడండి."

"చిల్లుల జంతువు" అన్నాడు. రంగు కరెక్టే, ఇల్లే తప్పిందని జ్ఞానసుందరితో అనాలనిపించింది. ఆమె అయితే ఓడిపోయినట్టు ఒప్పుకునేది కాదు. రంగు పట్టుకున్నాను గదా, ఇల్లు ఎతకడం మీ పని అనేది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. సోములు రాయి ఎలా ఉన్నది అలాగే బోర్లించి పెట్టి, నీళ్లు ఎక్కుతున్నాయి లేవండి బాబూ అన్నాడు.

కాలేజీలో ఫ్లెక్సులు పెట్టేశారు. చార్టులు కొన్ని పద్మకుమారి తన ఇంటికి తీసుకెళ్లింది, ఒకటి స్టాన్లీకి ఇచ్చింది. రంగులు సరిచేస్తారా అని ఆమె అడిగితే, వద్దు మేడమ్, అలాగే ఉండనీండి అన్నాడు. అతను మళ్లీ చార్టులు వెయ్యలేదు. ఆ రాళ్ల దగ్గరకి మాత్రం అప్పుడప్పుడూ వెళ్లొచ్చాడు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త రంగు కనపడేది. ఏది కనపడినా అతను ముందు పక్కకి తిరిగేవాడు, చెప్పడానికి.

చింతపల్లి నుంచి మొదటిసారి వచ్చిన ఆ సాయంత్రం షీబా డ్యూటీ నుంచి వచ్చేసరికి అతను అరుగు మీద తడి ప్యాంటుతోనే కూర్చుని ఉన్నాడు.

"ఏటి సూసావు నానా?"

చెప్పడం మొదలెట్టాడు. కాళ్లకి కీళ్లున్నవాళ్లు, ఉంగరాల ఒంటివాళ్లు, ముళ్ల చర్మం వాళ్లు. ఏది ఎవరింటిదో చెబుతూ మధ్యలో ఆగి, ఇది మీ అమ్మ నాకు చెప్పింది అనేవాడు. షీబా బ్యాగు కూడా దించకుండా వింది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆ పేర్లు ఎవరూ పలకలేదు. రాత్రి వంట మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

"నేనూ వస్తాను నానా, ఈసారి. సెలవు పెడతాను."

"రా. గట్టి సెప్పులు కొనుక్కో" అన్నాడు స్టాన్లీ. "అమావాస్యకి కూడా నీరు తీస్తాదంట, సోములు సెప్పాడు."