రక్తం పల్చన చేసే మాత్ర

మా ఆయన నోరు ఊరుకోదు. నర్సీపట్నం జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు గానీ, పాఠం చెప్పడం మాత్రం మానలేదు. పొద్దున్న లేచింది మొదలు ఫోన్లో పరిశోధనల వార్తలు చదవడం, దొరికినవాళ్ళని దొరికినట్టు నిలబెట్టి వినిపించడం. ఇదీ సోమసుందరంగారి ఉద్యోగం. ఒకరోజు పాలు పోసే జోగులు దొరికాడు. ఎక్కడో మంచుదేశంలో నేల అడుగున వేల ఏళ్ళుగా గడ్డకట్టుకుపోయిన సూక్ష్మజీవుల్ని తవ్వి తీసి కరిగిస్తే, అవి మళ్ళీ కదిలాయట. చచ్చాయనుకున్నవి బతికే ఉన్నాయి చూశావా జోగులూ అని ఈయన మురిసిపోతున్నారు. అవతల వీధివాళ్ళందరూ కాఫీకి పాల్లేక గుమ్మాల్లో నిలబడి మమ్మల్ని తిట్టుకుంటున్నారు. వదిలిపెట్టండి మహాప్రభో అని నేనే వెళ్ళి జోగుల్ని పంపించాను. వినేవాడుంటే చెప్పడం తప్పేమిటి వర్ధనం అన్నారు. ఆయనకి వినేవాళ్ళుంటే చాలు. వాళ్ళకి ఏం వినపడిందో ఎప్పుడూ అడగరు.

అందరికంటే శ్రద్ధగా వినేది దేవుడమ్మ. మా కింది వాటాలో అద్దెకుంటుంది. నాతవరం దగ్గర కాస్త పొలం, జీడితోట ఉన్నాయి. కొడుకు అప్పలకొండ ఆ ఊరికీ ఈ ఊరికీ షేరాటో తోలుతాడు. కోడలు వెంకటదుర్గ. అత్తాకోడళ్ళు ఒక కంచంలో తినే రకం, వాళ్ళని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. దుర్గకి తొలిచూలు కలిసిరాలేదు. బీపీ పెరిగిపోయి, నెలలు నిండకుండానే బిడ్డ పోయింది. ఆ పిల్ల మళ్ళీ నెల తప్పిందని తెలిసినప్పట్నుంచి దేవుడమ్మ గుండె గుప్పిట్లో పెట్టుకుని తిరిగింది. ఈ బిడ్డయినా దక్కాలి. ఆవిడకి ఇంకో ఆలోచన లేదు.

మూడోనెల దాటగానే ఆస్పత్రిలో దుర్గకి ఒక చిన్న మాత్ర రాసిచ్చారు. రోజూ పడుకునే ముందు వేసుకోవాలన్నారు. దేవుడమ్మ ఆ మాత్రల అట్ట పట్టుకుని మేడెక్కింది, మేస్టారికి చూపిద్దామని. ఈయనకి పండగే. ఇది ఆస్పిరిన్ అనీ, బీపీ వచ్చే ప్రమాదం ఉన్న గర్భిణులు ఎంతోమందికి ముందునుంచే ఇచ్చి చూశారనీ, వాళ్ళలో చాలామందికి గండం తప్పిందనీ, ఇది రక్తాన్ని పల్చబరుస్తుందనీ, కడుపులో బిడ్డని పోషించే మాయలోకి రక్తం సాఫీగా పారుతుందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. దేవుడమ్మ చేతులు కట్టుకుని అంతా విని వెళ్ళిపోయింది.

మర్నాడు మునగాకు కోసం వచ్చింది. రక్తపరీక్ష చేసిన నర్సు దుర్గకి రక్తం పల్చగా ఉందందట. అంటే ఒంట్లో రక్తం తక్కువని. మా వైపు ఎవరైనా అలాగే అంటారు. పెరట్లో కావలసినంత మునగాకు ఉంది, కోసుకోమన్నాను. ఇక ఆ పిల్లకి మునగాకు, బీట్‌రూటు, ఖర్జూరాలు, ఒకటే మేపడం. దుర్గ బుగ్గలు నిండాయి. మా ఇంటి దిష్టే తగిలేలా ఉందని నవ్వుకున్నాం కూడా.

అవి నిండడం కాదు, మళ్ళీ బీపీ తెచ్చిన వాపు. ఏడోనెల్లో ఒక పొద్దున్న తలనొప్పి అంది, కళ్ళు మసకలంది, చూస్తుండగానే ఫిట్స్ వచ్చాయి. అప్పలకొండ ఆటోలోనే ఇక్కడి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, అక్కణ్ణుంచి అంబులెన్సులో విశాఖపట్నం. ఆపరేషన్ చేసి తల్లిని దక్కించారు. మగపిల్లాడు. ఒక్క రోజు కూడా బతకలేదు.

మా ఆయనకి అన్నం సయించలేదు. మాత్ర వేసుకున్నా ఇలా ఎందుకైందని ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నారు. కట్టిపెట్టండి, అవతల పిల్లాడు పోతే మీకు పరిశోధనేమిటి అని గట్టిగానే కేకలేశాను.

దుర్గ లేచి తిరుగుతున్న రోజుల్లో దేవుడమ్మ మేడ మీదకి వచ్చింది. ఊళ్ళో తోటలోని జీడిపప్పు కొంగున కట్టి తెచ్చింది.

"మీ రుణం తీర్సుకోలేను మేస్టారూ. ఆ మాత్ర రక్తం పల్సన సేసేస్తాదని మీరు సెప్పబట్టి కాదేటి, నాను ఆవేళే మానిపించీసేను. లేపోతే ఉన్న కూసింత రక్తమూ పోయి, ఆపరేషన్ బల్ల మీద మా పిల్ల దక్కీది కాదు."

మా ఆయన చేతిలో ఫోను తనంతట తానే పక్కన పెట్టేశారు. నా కాపురంలో ఇదే మొదటిసారి. చెప్పొద్దని కళ్ళతోనే సైగ చేశాను. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి రక్తం పల్చన అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగి, నీకేం అర్థమైందమ్మా అని అడగలేకపోయాడే అని ఒళ్ళు మండిపోతోంది. అయినా ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆవిడకున్న ఊరట అదొక్కటే.

ఆయన నా వైపు చూడలేదు. కూర్చో దేవుడమ్మా అన్నారు. ఆ మాత్ర రక్తాన్ని తగ్గించదని, గడ్డకట్టకుండా చూస్తుందంతేనని, తప్పంతా తన మాటదేనని చెప్పారు. మళ్ళీ కడుపు పండితే దుర్గ ఆ మాత్ర మానకూడదని, అందుకే దాచలేకపోతున్నానని అన్నారు.

దేవుడమ్మ కొంగుముడి విప్పుతూ ఆగింది.

"అయితే అది ఏసుకునుంటే బాబు బతికీవోడా?"

"చాలామందికి పనిచేసింది. మన దుర్గకి పనిచేసేదో లేదో ఎవరూ చెప్పలేరమ్మా."

"అత్తా, ఏసుకుంటానత్తా అని ఏడిసింది మేస్టారూ. నానే లాక్కున్నాను."

జీడిపప్పు బల్ల మీద పెట్టి లేచింది. నేను చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. తప్పు నాది దేవుడమ్మా, నీది కాదు అని ఈయన వెనకనుంచి అంటూనే ఉన్నారు.

కాసేపటికి కిందనుంచి దుర్గ గొంతు వినిపించింది. అన్నం సల్లారిపోతంది, బేగి రా అత్తా అని పిలుస్తోంది. తలుపు తీసి చూశాను. దేవుడమ్మ మెట్ల మధ్యలో కూర్చుని ఉంది. దుర్గ మళ్ళీ పిలిచింది. ఆవిడ కిందికి దిగలేదు.