పంపని పేరు

ఏడేళ్లుగా ఒక అబద్ధం నాతో కాపురం చేస్తోంది. పెద్దదేం కాదు. "పంపాను, వద్దన్నారు" అన్నాను, అంతే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పట్టుకోండి. అది నాకు బాగా అలవాటు.

అనంతపురంలో జపనీస్, కొరియన్ నేర్చుకునే పిల్లలకు భాషాశాస్త్రం చెబుతాను. ఆ భాషల్లోకి దిగే ముందు, అసలు భాష అంటే ఏమిటి, శబ్దం నోట్లో ఎక్కడ పుడుతుంది, ఎదుటి మనిషిని బట్టి మాట ఎలా మారుతుంది, ఇవన్నీ చెప్పే తొలి మెట్టు క్లాసు నాది. మొదటి రోజు బోర్డు మీద ఒకటే వాక్యం రాస్తాను. ఏ మాటా ఎక్కువ కాదు, ఏ మాటా తక్కువ కాదు. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో అడుగుతాను కూడా. రాయనివాళ్లకు మార్కులు కోస్తాను.

నాగలక్ష్మి అనే అమ్మాయి నా క్లాసుకు ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి వచ్చేది. వాళ్ల నాన్నకు గొర్రెల మంద ఉంది. ఒకసారి, మీ ఇంట్లోవాళ్లు ఎవరితో ఎలా మాట్లాడతారో విని రాసుకురమ్మన్నాను. చాలామంది సినిమాల్లోంచి ఎత్తుకొచ్చారు. ఈ పిల్ల వాళ్ల నాన్న వెంట సంతకు పోయి, ఆయన బేరగాడితో ఎలా మాట్లాడాడు, ఊరి పెద్దాయనతో ఎలా మాట్లాడాడు, ఎక్కడ 'అప్పా' అన్నాడు, ఎక్కడ 'అన్నా' అన్నాడు, ఎక్కడ నోరు మూసుకున్నాడు, అంతా నోట్‌బుక్ నిండా రాసుకొచ్చింది. కొరియన్‌లో ఎదుటివాళ్ల హోదాను బట్టి మాట ముగింపు మారుతుందని నేను మూడు క్లాసులు చెప్పినా తలకెక్కనిది, ఆ నోట్‌బుక్ చదివించాక ఒక్క గంటలో అందరికీ ఎక్కింది. మెచ్చుకున్నాను. నిజంగానే మెచ్చుకున్నాను.

ఆ ఏడాది చివర్లో ఒక చిన్న కంపెనీవాళ్లు అడిగారు. కొరియా ఇంజనీర్లకూ ఇక్కడి కార్మికులకూ మధ్య మాట అందించే మనిషి కావాలట. ఒక్క పేరు పంపమన్నారు. మార్కుల్లో నాగలక్ష్మే మొదటిది. నేను శ్రావ్య పేరు రాశాను. పాతూరులో బట్టల కొట్టువాళ్ల అమ్మాయి, తెలివైనదే, మార్కుల్లో రెండోది. ఆమె తెలుగు పుస్తకంలో అచ్చేసినట్టు ఉంటుంది.

ఎందుకు చేశాను? నాగలక్ష్మి పల్లె మాట విని, ఈ పిల్ల నేర్చుకున్నది మీ దగ్గరేనా అని కంపెనీవాళ్లు అంటారని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. మాది ఈ జిల్లాలోనే యాడికి అనే ఊరు. హైదరాబాదులో చదివేటప్పుడు హాస్టల్ అమ్మాయిలు నా చేత 'ఉండాది' అనిపించుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఏడాది తిరగకుండా ఆ మాటంతా వదిలించుకున్నాను. నేను అంత కష్టపడి వదిలించుకున్నదాన్ని నాగలక్ష్మి ఏ జంకూ లేకుండా, మొదటి బెంచీలో కూర్చుని గట్టిగా మాట్లాడేది. ఆమెకు సిగ్గు లేకపోవడం నాకు కంటగింపుగా ఉండేది. దాన్ని అసూయ అనాలా? అనాలి.

శ్రావ్యను తీసుకున్నారని తెలిసిన రోజు నాగలక్ష్మి వరండాలో నాకు ఎదురొచ్చింది.

"నా పేరు పంపినారా మేడమ్?"

"పంపాను, వద్దన్నారు."

"ఏం బాగలేదంట? నా కొరియనా?"

"కొరియన్ కాదు. నీ మాటతీరు."

"సరే మేడమ్" అని వెళ్లిపోయింది. మరుసటి వారం నుంచి క్లాసుకు రాలేదు. పంపలేదని చెప్తే ఎందుకని అడిగేది కదా, అందుకే తప్పు తీసుకెళ్లి ముఖం తెలియని వాళ్ల మీద పడేశాను. ఆమెకు ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు. చేయలేదు. శ్రావ్య కూడా ఆ ఉద్యోగంలో ఎన్నో నెలలు ఉండలేదు. "నేను మాట్లాడితే టీవీ వార్తలు విన్నట్టుందట మేడమ్, ఎవరూ ఏమీ అడగరు" అని నా దగ్గరే బాధపడింది. అలవాటవుతుందిలే అన్నాను.

పోయిన నెల జపనీస్ కొత్త బ్యాచికి దరఖాస్తులు వచ్చాయి. అందులో నాగలక్ష్మిది ఉంది. ఇన్నాళ్లూ ముదిగుబ్బలో జిరాక్స్ షాపులో పనిచేసిందట. చదువు మధ్యలో ఆపిన కారణం అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, 'మాటతీరు బాగలేదని పనికి తీసుకోలేదు' అని రాసింది. సంతకం పెట్టి పక్కన పెట్టేయొచ్చు. నాకు చేతకాలేదు. ఆమెను గదిలోకి పిలిచాను. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే వింది. నీ పేరు నేను పంపలేదు, నిన్ను ఎవరూ వద్దనలేదు అని చెప్పేశాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "మా నాయన, తన మాట నాకు అంటుకున్నందుకే పని రాలేదనుకోని ఉండాడు మేడమ్. అప్పుట్నుంచి బయటోళ్ల ముందర నోరు తెరవడు. బ్యాంకులో పనున్నా నన్నే మాట్లాడమంటాడు. మీరు చెప్పింది కాగితం మీద రాసియ్యండి. ఆయప్పకి చదివి ఇనిపియ్యల్ల."

నేను చూడనైనా చూడని మనిషి. నా అబద్ధం ఆయన దాకా పోయిందని నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడైనా అనుకున్నానా? లేదు.

కాగితం తీసుకుని, 'కొన్ని అనివార్య కారణాల వల్ల' అని మొదలుపెట్టాను. చూశారా, మళ్లీ వెనకేసుకొస్తున్నాను. ఆమె తొంగి చూసి, "ఇట్ల రాస్తే మా నాయనకి అర్థం కాదు మేడమ్" అంది. కొట్టేసి మళ్లీ రాశాను. నాగలక్ష్మి పేరు నేను పంపలేదు. ఆమె మాటలో ఏ తప్పూ లేదు. అబద్ధం చెప్పింది నేను. కింద సంతకం పెట్టాను. ఆమె రెండుసార్లు చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు వేసినట్టే. వెళ్తూ వెళ్తూ, నా క్లాసులో కూర్చోననీ, పొద్దుటి బ్యాచిలో ఇంకో సార్ దగ్గర చేరతాననీ చెప్పింది. చేరింది. రోజూ మొదటి బస్సుకే వస్తోంది. నేను కనబడితే తల ఊపుతుంది, ఆగదు. ఆ మాత్రం చాలని నాకు నేను చెప్పుకుంటున్నాను, ఆమె వస్తోంది కదా అని.

మొన్న ఫీజు కట్టే కిటికీ దగ్గర ఒక పెద్దాయన, తలకు తువాలు చుట్టుకుని, గుమాస్తాను గట్టిగా అడుగుతున్నాడు. "ఏమప్పా, మా పాప నాగలక్ష్మి యా రూములో ఉండాది? జపాన్ మాట నేర్చుకుంటాంది." ఆఫీసంతా ఆయన వైపు చూసింది. ఆయన పట్టించుకోలేదు, మళ్లీ అడిగాడు. నేను తలుపు వెనకాలే ఆగిపోయాను. లోపలికి జారుకోవడానికి వెనక దారి ఉంది. నా కాళ్లు అటే తిరిగాయి కూడా. ఎలాగో ఆయన దగ్గరికి వెళ్లి, నాగలక్ష్మికి ఆ కాగితం రాసిచ్చింది నేనేనని చెప్పాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వేనామ్మా ఆ మేడమ్ము?"

"నేనే" అన్నాను.