తోడల్లుడి హోటల్, నా హోటల్

మొన్న చల్లపల్లిలో ఒక గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల దగ్గర మా తోడల్లుడు మళ్లీ ఖాట్మండు కథ ఎత్తుకున్నారు. ఈసారి కథలో హోటల్ కిటికీలోంచి మంచుకొండలు కూడా కనపడ్డాయి. మేము అక్కడ భోంచేసింది చీకటి పడ్డాక. చీకట్లో ఏ కొండా కనపడదు. పైగా ఆ కిటికీకి ఎదురుగా ఉన్నది బట్టల కొట్టు గోడ. అయినా పంక్తిలో కూర్చున్నవాళ్లు విస్తట్లో పులిహోర మర్చిపోయి వింటున్నారు. మా ఆవిడ కూడా, ఆ కథలో తనే ఉన్న సంగతి తెలియనట్టు, కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. నా కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది. గోంగూర ఘాటు వల్ల కాదు.

మా అత్తగారికి ఇద్దరూ ఆడపిల్లలే. మామగారు పిల్లల చిన్నప్పుడే పోయారు. మా ఆవిడ ఇంకా గౌన్లు వేసుకునే రోజుల్లోనే ఈయన ఆ ఇంటికి పెద్దల్లుడిగా వచ్చి, చూస్తుండగానే ఆ ఇంటికి మగదిక్కయ్యారు. మరదలు ఏ బడిలో చేరాలి, ఓణీ ఏ రంగుది వేసుకోవాలి, చేతి గడియారం గుండ్రంగా ఉండాలా పలకగా ఉండాలా, అన్నీ బావగారే తేల్చేవారు. ఇంజనీరు, ఎర్రగా పొడుగ్గా ఉంటారు, ఇంగ్లీషూ హిందీ తెలుగంత ధారాళంగా మాట్లాడతారు. డెబ్భైల చివర్లో కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్ లేస్తున్నప్పుడు అక్కడ పని చేసేవారు. నేనేమో బెజవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో లెక్కలు చూసేవాణ్ణి. ఎస్సెల్సీ దగ్గర చదువు ఆగింది గాని లెక్క ఆగలేదు. ఏ లారీ ఎంత బరువు మోస్తూ ఏ ఘాట్ ఎక్కితే ఎంత డీజిలు తాగుతుందో కాగితం పట్టకుండా చెప్పేవాణ్ణి. ఆటోనగర్‌లో డ్రైవర్లు నోరు వెళ్లబెట్టేవాళ్లు. ఆ పేరు మాత్రం అత్తారింటి గడప దాటి లోపలికి వచ్చేది కాదు. అక్కడ నేను ఏదైనా చెబితే అత్తగారు మర్యాదగా విని, "పెద్దల్లుడుగారిని కూడా ఒక మాట అడుగుదామండీ" అనేవారు.

మా పెళ్లయిన మూడో ఏడు అత్తగారికి కాశీ చూడాలనిపించింది. బెజవాడ నుంచి కాశీ, ప్రయాగ, నేపాలు తిప్పి తీసుకొచ్చే యాత్రా బస్సులో మేం అయిదుగురం బయల్దేరాం. నేనూ మా ఆవిడా, మా తోడల్లుడూ వదినగారూ, అత్తగారూ. పాస్‌పోర్టు అక్కర్లేకపోయినా నేపాలు నేపాలే. సరిహద్దు దాటగానే మా తోడల్లుడు బస్సంతటికీ వినపడేలా, "మరదలి పుట్టినరోజు ఈ శనివారమే. ఫారిన్‌లో పుట్టినరోజు! మంచి హోటల్లో డిన్నరు చెయ్యాల్సిందే" అన్నారు. మా వైపు పెద్దవాళ్లకు పుట్టినరోజులు చేయడం అప్పటికి లేదు. ఆ ఇంట్లో ఆ అలవాటు పెట్టింది కూడా ఆయనే. నాకు ఏం పట్టిందో, "హోటల్ నేను చూస్తానన్నయ్యగారూ" అన్నాను. ఆయన నా భుజం తట్టి, "చూడు తమ్ముడూ, చూడు. తేడా వస్తే నేనున్నాగా" అన్నారు. ఆ భుజం సాయంత్రం దాకా బరువుగానే ఉంది. మా ఆవిడని చాటుగా అడిగితే, "ఏదైతేనేంటండీ" అంది. ఏదైనా ఒకటే అయితే నాకెందుకంత పట్టుదల? పెళ్లయ్యాక ఆమెకు నేను సొంతంగా ఎంచి ఇచ్చినది ఒక్కటీ లేదు. చీర కొనబోయినా బావకి చూపించాకే ఖాయం చేసుకునేది.

శుక్రవారం అందరూ పశుపతినాథుడి గుడికి వెళ్లి వచ్చి నడుం వాలిస్తే, నేను హోటళ్ల వేటకు బయల్దేరాను. యాత్రలో ఉన్నాం కాబట్టి అత్తగారికి నీచు తగలకూడదు. ఆవిడ మోకాళ్లకు మెట్లు నిటారుగా ఉండకూడదు. మేం దిగిన సత్రం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. తిరిగి వచ్చేటప్పటికి చలి ముదరకూడదు. ఇన్ని కొలతలకూ సరిపోయిన హోటల్ ఒకటే దొరికింది. పాత బజారు సందులో, మేడ మీద, మార్వాడీ వాళ్లది. చెక్క చెక్కి పెట్టిన కిటికీ దగ్గర ఒక బల్ల, కింద వీధిలో ఇత్తడి సామాను అమ్మేవాళ్లు, వంటింట్లోంచి కాగిన నెయ్యి, ఇంగువ వాసన. అక్కడ నిలబడే ఆ బల్ల దగ్గర ఎవరెవరు ఎటు కూర్చోవాలో కూడా తేల్చుకున్నాను. మా ఆవిడ కిటికీ పక్కన, తోడల్లుడు దూరంగా స్తంభం వెనక.

మా బస్సుకు బాపట్ల వంటాయన ఒకరు ఉండేవారు. పొద్దున్నే తలలు లెక్కపెట్టి ఆయనకు చెబితే అంతకే బియ్యం పోస్తారు. యాత్రలో అన్నం మిగిలితే ఆయనకు పరువు తక్కువ. ఆ తలల లెక్క బస్సువాళ్లు నాకే అప్పగించారు. శనివారం పొద్దున నా అంతట నేనే వెళ్లి మా అయిదు పేర్లూ తీయించేశాను. "గట్టిగానేనాండీ? మళ్లీ రాత్రికొచ్చి పళ్లెం పట్టుకుంటే నా దగ్గరేం ఉండదు" అన్నారాయన. "నేను చెప్పాక తిరుగులేదండీ" అన్నాను.

సాయంత్రం అయిదుగురం వెళ్లాం. మేడ మెట్ల దగ్గర తలుపుకు ఇంత తాళం వేలాడుతోంది. ఇత్తడి సామాను కొట్లు కూడా మూసి ఉన్నాయి. చపాతీకర్ర పట్టుకుని పోతున్న ఒకావిడని మా తోడల్లుడు హిందీలో అడిగి, వెనక్కి తిరిగి, "తమ్ముడూ, వీళ్లకి ఆదివారం శనివారమేనట!" అని పగలబడి నవ్వారు. నేపాలులో వారానికి సెలవు శనివారం. దూరం, మెట్లు, చలి, నెయ్యి, అన్నీ లెక్కలోకి తీసుకున్నవాణ్ణి, సెలవంటే ఆదివారమే అన్నది లోకమంతటా ఒకటే అనుకున్నాను. ఆటోనగర్‌లో ఆదివారం తప్ప ఇంకో సెలవు ఎరగని బుర్ర మరి. "మన పేర్లు కూడా తీయించేశావుగా. ఇంక సత్రానికి పోయి ఏం తింటాం? నా వెనక రండి" అని ఆయన దారి తీశారు. నేను వచ్చిన దారినే మళ్లీ వెళ్లే వీలు లేకుండా చేసుకున్నది నేనే.

ఆయన ముందే ఒక హోటల్ చూసి పెట్టుకున్నారు. అందుకు నాకు తాళం చూసినప్పటి కంటే ఎక్కువ మండింది. పెద్ద రోడ్డు మీద, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, ఎర్ర దీపాలు, మూల ఒకతను అకార్డియన్ వాయిస్తున్నాడు, పక్క బల్ల దగ్గర పూసల దండల హిప్పీలు. ఆయన ఒక హిప్పీతో ఇంగ్లీషులో ఏదో అంటే అతను లేచి మా ఆవిడకు నమస్కారం పెట్టాడు. చివర్లో యాపిల్ పళ్ల కేకు మీద కొవ్వొత్తి వెలిగించి తెచ్చారు. అత్తగారు అనుమానంగా చూసి, "గుడ్డు వేశారా నాయనా?" అన్నారు. "అబ్బే, లేదండీ, కనుక్కున్నాగా" అన్నారు మా తోడల్లుడు కన్ను ఆర్పకుండా. గుడ్డు లేకుండా కేకు అంత గుల్లగా ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. మా ఆవిడ కొవ్వొత్తి ఊది నవ్వింది. తల వెనక్కి వేసి, చేత్తో నోరు మూసుకోకుండా. మూడేళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు. ఎర్ర దీపం కింద ఆ నవ్వు ఆయన వైపు తిరిగి ఉంది.

అత్తగారు రెండో ముక్క కూడా తిని, సంతోషం పట్టలేక నా వైపు వంగారు. "చూశారా అల్లుడుగారూ, దానికి పలక దగ్గర్నుంచి పట్టుచీర దాకా ఆయన ఎంచిందేదీ వంక పెట్టేట్టు ఉండదు. అంతెందుకు, మిమ్మల్ని చూసి పెట్టింది కూడా ఆయనే కదండీ!" నిజమే. ఊళ్లో మోటారు పంపుకి బేరింగులు కొనడానికి మా కొట్టుకి వచ్చి, నా నోటిలెక్క చూసి ముచ్చటపడి, సంబంధం కదిపింది ఆయనే. తెలిసిన సంగతే. కానీ పలక, చీర, గడియారం, ఆ వరసలో నేనూ ఒక వస్తువుగా వచ్చేసరికి చేతిలో కేకు ముక్క పళ్లెంలో పెట్టేశాను. ఇంత కుళ్లులోనూ ఆయన ఎంపికకు వంక పెట్టే దారి నాకు లేదు. పెడితే అది ముందు నాకే తగులుతుంది. "మంచి హోటలండీ" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం బస్సు బయల్దేరాలి. పొద్దున అందరూ రుద్రాక్షలు బేరమాడడానికి వెళ్తుంటే మా ఆవిడ వెనకబడి, "నిన్నటి మీ హోటల్ ఇవాళ తీస్తారా?" అంది.

"తీస్తారు. వీళ్లకి ఇవాళ పనిదినం."

"అయితే పదండి. వాళ్లు వచ్చేలోపు వచ్చేద్దాం."

"పుట్టినరోజు నిన్నే అయిపోయిందిగా."

"నిన్న తారీఖు ప్రకారం. తిథుల ప్రకారం ఇవాళ" అంది చెప్పులు తొడుక్కుంటూ.

కిటికీ పక్కనే కూర్చుంది. వేడి అన్నం, పప్పు, ఇంగువ వేసిన బంగాళాదుంప కూర. పచ్చిమిరపకాయ అడిగి తెప్పించుకుని, మారు వడ్డించుకుని తింది. "రాత్రి ఆకలేసింది తెలుసా? నవ్వడంతోనే సరిపోయింది. బావ అంత హడావుడి చేస్తే నవ్వకపోతే ఎలా?" అంది. కింద ఇత్తడి కొట్లలో సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఆటోనగర్‌లో మా కొట్లో ఖాళీగా ఉన్నప్పుడు పంచాంగం ముందేసుకుని తారీఖుల్ని తిథుల్లోకి మార్చడం నా అంతట నేనే నేర్చుకున్నాను. ఆమె పుట్టిన తిథి ఆ ఏడు మా బస్సు కాశీలో ఉండగానే వెళ్లిపోయింది. లెక్క నాలుక చివరి దాకా వచ్చింది. "అవును, ఇవాళే" అన్నాను.

ఆ పూట సంగతి తోడల్లుడికి ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఎన్ని కథల్లో ఎన్ని మంచుకొండలు లేపుకున్నా ఆ కిటికీ ఆయనకు కనపడదు. అలాగని నాకు పూర్తిగా శాంతీ లేదు. నా హోటల్లో ఆమె కడుపు నిండా తింది గాని, ముందు రాత్రిలా తల వెనక్కి వేసి నవ్వలేదు. ఆ నవ్వు మీద నాకు ఇవాళ్టికీ అసూయే. తర్వాత ఎంతమంది పుట్టినరోజులకో తారీఖులూ తిథులూ మార్చి చెప్పాను. ఆ ఆదివారం పొద్దుని మాత్రం ఏ లెక్కలోకీ మార్చలేదు. ఆమె ఏ రోజని చెప్పిందో ఆ రోజుగానే దాన్ని ఉండనిచ్చాను.