జీవమ్మ దాచిన ముప్పై రెండు పేజీలు

నాకు జీవమ్మ అంటే గిట్టదు. తర్వాత ఎవరూ నన్ను తప్పు పట్టకుండా ముందే చెప్పేస్తున్నా. ఆమెను పొగుడుతూ రాసేవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు దొరుకుతారు. కానీ ఆమె సంగతి నాకు తెలిసినంత వాళ్ళకు తెలియదు. ఆమె వల్ల ఉద్యోగం పోయినవాణ్ణి నేనే.

మాది కోసిగి అవతల ఒక మెట్ట ఊరు. అక్కడ ఉపాధి హామీ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌గా ఉండేవాణ్ణి. చిన్నా పెద్దా అందరూ శ్రీకాంతన్నా అనేవాళ్ళు. జీవమ్మ ఒక్కతే "ఏమప్పా" అనేది. మా నాయన చేలో కలుపు తీసిన మనిషి నన్ను ఏమప్పా అంటుందా అని ఒళ్ళు మండేది.

ఆమెకు అరవై దగ్గర పడ్డాయి. మిషన్ బడిలో అయిదు దాకా చదివింది, అందుకే బైబిలైనా కరపత్రమైనా వేలు పెట్టి అక్షరం అక్షరం చదవందే వదలదు. మొగుడు ఏసన్న పోయి పదేళ్ళు. ఏటా క్రిస్మస్ కాగానే కొడుకు లేవిని, కోడలిని, ఇంకో ముప్పై ఒక్క కుటుంబాలను వెంటేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. మనవరాలు స్తుతిని కోసిగి హాస్టల్లో వదిలి, ఈస్టర్ ముందు వచ్చే మట్టల ఆదివారానికి తిరిగొస్తుంది. ఎండాకాలం ఊళ్ళోనే ఉపాధి పని. ఆ పని లేకపోతే బెంగళూరు బిల్డింగుల దగ్గరికి పోవాలి. పోతే పిల్లనూ తీసుకుపోవాలి. అలా పోయిన పిల్లలు జూన్‌లో బడికి తిరిగి రారు. అది నాకూ తెలుసు.

మా ఊరి ఇళ్ళ మధ్య సిగ్నల్ ఉండదు. జీవమ్మ వారానికి మూడుసార్లు వచ్చి నా ముందు నిలబడేది. "నా కార్డు చూడప్పా, ఎన్ని దినాలు పడినాయో" అనేది. ప్రాణం విసిగిపోయి ఒకనాడు కోసిగి బస్టాండులో ఆమె ఫోను లాక్కుని చూపించాను. ఉపాధి సైటులో కార్డు పేజీ తెరువు, పైన మూడు చుక్కలు నొక్కు, కింది వైపు బాణం నొక్కు. పేజీ ఫోన్లో పడిపోతుంది, ఊళ్ళో కూర్చుని చదువుకో, ఇక నా దగ్గరికి రావద్దు.

రాలేదు. అదే నా కొంప ముంచింది.

ఆ ఏడు క్రిస్మస్ దాటాక వాళ్ళు గుంటూరు పోయే రోజు నేను బస్టాండులోనే ఉన్నాను. జీవమ్మ సిమెంటు బల్ల మీద కూర్చుని ముప్పై రెండు ఇళ్ళ కార్డులూ ఒక్కొక్కటే తెరిచి ఫోన్లో దించుకుంటోంది. ఏళ్ళ తరబడి మిరప తొడిమలు గిల్లి గిల్లి ఆమె వేళ్ళ కొసలు కాయలు కాచాయి. ఎంత నొక్కినా ఫోనుకు తెలియదు. వేలు మడిచి కణుపుతో నొక్కుతోంది. బస్సు వచ్చి పోయింది. గుంపంతా మూటలతో నిలబడి ఉంది, ఆమె తల ఎత్తలేదు.

"గుంటూరులో కూర్చుని బైబిలు మాదిరి చదువుకుంటావా?" అని నవ్వాను.

"ఊరు ఇడిచి పోతాండాం గదప్పా. మేము లేనప్పుడు ఈడ ఏమైతాదో ఎవురికి తెల్సు" అంది. నన్ను చూస్తూనే అంది.

ఫిబ్రవరిలో పైనుంచి మాట వచ్చింది. ఊళ్ళో లేనివాళ్ళ కార్డులు తీసేయాలి, జాబితా పంపు అన్నారు. ఇంటింటికీ పోయి విచారించాలి నిజానికి. నేను వీధి మొదట్లో నిలబడి తాళాలు లెక్కపెట్టాను. తాళం వేసి ఉంటే మనిషి లేనట్టే కదా? ముప్పై రెండు రాసిచ్చాను. జీవమ్మ పేరు రాసేటప్పుడు పెన్ను కొంచెం గట్టిగా నొక్కాను, అది ఒప్పుకుంటా. కొత్తవి ఇస్తామని అంతకుముందే వాళ్ళ కార్డు పుస్తకాలన్నీ తీసుకుని నా బీరువాలో పెట్టుకున్నాను. బస్టాండులో ఆమె దించుకున్న పేజీల సంగతి మరిచేపోయి, ఇక భయం లేదనుకున్నాను.

మట్టల ఆదివారం మరునాడే వచ్చింది జీవమ్మ.

"మా పేర్లు యాడికి పోయినాయప్పా? రోడ్డు మీద నిలబడి చూస్తే ఒక్క కార్డూ లేదు."

"మీకు కార్డులున్నాయని ఎవరన్నారు? పోయినేడు వేరేవాళ్ళ కార్డుల మీద చేశారు మీరు. కొత్తగా అర్జీ పెట్టుకో, మూడు నెలలు పడుతుంది."

"మూడు నెలలంటే ఎండాకాలం అయిపోతాది. స్తుతి బడి పోతాది."

"దానికి నేనేం చేయను?"

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు అనుమానం వచ్చేది కాదు. ఫోను చెంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఈస్టర్ తర్వాత ఉపాధి పనుల లెక్కలు చూసే తనిఖీ సభ పెట్టారు. ప్రతిసారీ వాటర్ ట్యాంకు దగ్గర పెడతారు, అక్కడ సిగ్నల్ వస్తుంది. నేను చర్చి ముందున్న రేకుల కిందికి మార్పించాను. ఎండగా ఉంది, ఇక్కడైతే నీడ అని చెప్పాను. అక్కడ ఫోన్లో ఒక్క గీత కూడా రాదు. తనిఖీకి వచ్చిన మేడమ్ ముందు నేనే గొంతు పెంచాను. "కార్డులుంటే నెట్‌లో తీసి చూపించమనండి!" మేడమ్ తన ఫోను తీసింది. చక్రం తిరుగుతూనే ఉంది.

జీవమ్మ చెంగు ముడి విప్పి ఫోను బయటికి తీసింది. కణుపుతో నొక్కింది. పేజీ తెరుచుకుంది. ఆమె పేరు, లేవి పేరు, కార్డు నంబరు, పోయిన ఎండాకాలం చేసిన పని రోజులు. తర్వాత ఇంకో ఇల్లు. తర్వాత ఇంకోటి. మేడమ్ నంబర్లు రాసుకుంటోంది.

"సిగ్నల్ లేదు కదా, ఎట్లా తెరిచావు?" అని మేడమ్ అడిగింది.

"ఈయప్పే నేర్పిచ్చినాడు మేడమ్" అంది జీవమ్మ నా వైపు చేయి చూపిస్తూ.

జనం నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. మర్నాడు మండలం ఆఫీసులో పాత రికార్డు తీసి చూస్తే నంబర్లన్నీ సరిపోయాయి. నా బీరువా కూడా తెరిపించారు. మే రెండో వారానికి వాళ్ళ కార్డులు తిరిగొచ్చాయి. జూన్‌లో స్తుతి ఏడో తరగతిలో చేరింది. అప్పటికి నేను ఇంట్లో కూర్చున్నాను.

తర్వాతి ఏడు వాన లేదు. మా వేరుశనగ చేలోనే మాడిపోయింది. నాయన మొహం చూడలేక వేసవిలో నేనూ ఉపాధి కార్డుకు అర్జీ పెట్టాను. నా స్థానంలో వచ్చిన ఈరేష్ తలెత్తకుండా రాసుకున్నాడు. గుట్ట మీద కందకాల పని. అక్కడ కూలీల హాజరు చూసే మేటు ఎవరనుకున్నారు, జీవమ్మే.

మూడో రోజు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమప్పా, ఫోను తెచ్చినావా? ఈడ సిగ్నల్ ఉండాది. నీ కార్డు పేజీ దించుకో."

"నాకెందుకు?"

"నీ మీద ప్రేమతో చెప్తాలేదు. నువ్వు చేసింది నేను సచ్చేదాకా మర్సిపోను. నీలాంటోడు మళ్ళా ఒకడు వస్తే, నా గుంపులో ఒక్క పేరు గూడా పోగూడదు. నొక్కు."

పార పట్టి పట్టి నా వేళ్ళన్నీ బొబ్బలెక్కి, కొసలకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాను. మూడు చుక్కల మీద నొక్కితే ఫోనుకు తెలియలేదు. మళ్ళీ నొక్కాను. జీవమ్మ అక్కడే నిలబడి చూస్తోంది, కదలదు.

వేలు మడిచి కణుపుతో నొక్కాను.