‘తర్వాత’ నొక్కే మనిషి ఊళ్లో లేని రోజు

వీధిలో అందరూ ఆయన్ని బూట్ల డాక్టరంటారు. ఒక కాలు పొట్టిదై, పాదం వంకరై, ఏ దుకాణంలోనూ జోడు దొరకనివాళ్లు చివరికి ఆయన గుమ్మమే ఎక్కుతారు. పదకొండేళ్ల కిందట భార్య పోరు పడలేక కంప్యూటరు కొన్నాడు. గాజు పలక మీద పాదం మోపితే బరువెక్కడ పడుతోందో అందులోని ప్రోగ్రాము రంగుల్లో చూపిస్తుంది. దాని ప్రకారం పక్కనున్న యంత్రం బూటు లోపలి అట్టను చెక్కుతుంది. మొదట్లో దాన్ని సవతి బిడ్డలా చూసిన మనిషి, ఇప్పుడు అది లేనిదే పని మొదలుపెట్టడు.

ఆ కొట్లో ఒక పద్ధతుంది. పొద్దున్నే కంప్యూటరు ‘కొత్త సిస్టమ్ వచ్చింది, వేయమంటారా?’ అని అడుగుతుంది. భార్య ‘తర్వాత’ నొక్కాకే పని మొదలు. రెండేళ్లుగా ఇదే తంతు. మొన్న గురువారం ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది. ఈయన చేతినిండా జిగురు. తెర మీది ప్రశ్నేమో కదలనంటోంది. విసుగొచ్చి మోచేత్తో ఎంటర్ నొక్కాడు. ఎంటరంటే ‘ఇప్పుడే’ అని మోచేతికేం తెలుసు?

గంట తర్వాత తెర తళతళలాడింది. పాదాల ప్రోగ్రాము మాత్రం తెరుచుకోలేదు.

ఒకమ్మాయికి శనివారం బూట్లిస్తానని మాటిచ్చాడు. ఆ పిల్లకి ఎడమకాలు పొట్టి. సోమవారం మందుల షాపులో తొలి ఉద్యోగం, రోజంతా నిలబడే పని. పాత జోడుతో గంట నిలబడితే నడుం పట్టేస్తుంది.

సిస్టమ్ కంపెనీకి ఫోన్ చేశాడు. “మాది బాగానే ఉందండీ. ప్రోగ్రాము చేసినవాళ్లే దాన్ని కొత్తదానికి తగ్గట్టు మార్చుకోవాలి” అన్నారు.

ప్రోగ్రాము వాళ్లు, “మీది పాత రకమండీ, ఆపేసి నాలుగేళ్లైంది. అయినా సిస్టమ్ మార్చింది మేం కాదుగా?” అన్నారు.

యంత్రం అమ్మినవాడు, “యంత్రం తిరుగుతోందా? మరింకేం! పాత సిస్టమ్ మళ్లీ వేయాలంటే మా మనిషి రావాలి, పది రోజులు పడుతుంది” అన్నాడు.

“తిలా పాపం తలా పిడికెడు!” అని ఫోను విసిరికొట్టినంత పని చేశాడు.

తీరా ఆలోచిస్తే ఎవరిదీ అబద్ధం కాదు. లోకంలోని ప్రతి ప్రోగ్రామునూ సిస్టమ్ వాళ్లెక్కడ పరీక్షించగలరు? ఎప్పుడో అమ్మిన సరుకును ప్రోగ్రాము వాళ్లెన్నాళ్లు మోస్తారు? అందరి మాటా న్యాయమే. బూటు మాత్రం తయారు కాలేదు.

శుక్రవారం పొద్దున ఆ పిల్ల రానే వచ్చింది. “బాబాయ్, రేపటికైపోతాయి కదా?”

“నా చేతిలో ఏం లేదమ్మా. సిస్టమ్ మారింది, ప్రోగ్రాము వాళ్లేమో...”

“అయితే నేనెవర్ని అడగాలి బాబాయ్?”

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నిన్నంతా తను అడిగిందీ అదే. ఆ ముగ్గురి పక్కన నాలుగోవాడై తనూ నిలబడ్డాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేత్తో చెక్కడమే రానివాడిలా! ఒళ్లంతా సిగ్గేసింది.

“నన్నే అడగాలి తల్లీ. మాటిచ్చింది నేను, నొక్కిన మోచెయ్యీ నాదే. కూర్చో.”

పాత ఉలి దుమ్ము దులిపాడు. అట్ట మీద సుద్దపొడి చల్లి ఆ పిల్లని నడిపించాడు. పొడి ఎక్కువ చెరిగిన చోట గీరాడు. మళ్లీ చల్లాడు, మళ్లీ నడిపించాడు. యంత్రం అరగంటలో చేసే పనికి రెండు రోజులు పట్టింది.

శనివారం భార్య దిగుతూనే, “ఎంటర్ జోలికి పోవద్దని చెప్పానా లేదా!” అని అందుకుంది.

“తిట్టు, తిట్టు. తిట్టడానికి నీకు మనిషైనా దొరికాడు.”

సాయంత్రం ఆ పిల్ల కొత్త జోడేసుకుని గంటకు పైగా నిలబడింది. ఒక్కసారి కూడా నడుం మీద చెయ్యేసుకోలేదు. ఆయన బూటు విప్పించి, లోపలి అట్ట బయటికి తీసి, దాని వెనక లావు పెన్నుతో అంకెలు వేశాడు.

“ఇదేంటి బాబాయ్?”

“నా నంబరు. నొప్పెడితే చెయ్. ఎత్తేది నేనే.”